వెచ్చటి దుప్పట్ల అర

ఒక మనిషి అన్నం తిన్నారో లేదో ఎలా తెలుస్తుంది, చెప్పండి చూద్దాం?

ఏమన్నావ్, కంచం చూస్తే తెలుస్తుందా? సగం మార్కులు. నువ్వు? అడిగితే చెబుతారా? నీకు ఆ సగం కూడా లేవు. సరే, దగ్గరికి జరగండి. ఆ కాళ్లు ఊపడం ఆపితే మొదలుపెడతాను.

ఒక వీధిలో ఒక లాండ్రీ ఉండేది. కింద కొట్టు, పైన ఇల్లు, మధ్యలో పద్దెనిమిది మెట్లు. పొద్దున్నే షట్టర్ ఎత్తగానే మూటలు వచ్చి పడేవి. పెద్దకోడలు బల్ల దగ్గర కూర్చుని ఒక్కో మూటనీ తూకం యంత్రం మీద పెట్టి, చీటీ రాసి, పిన్నీసుతో గుచ్చేది. చీటీ మీద తేదీ, పూట. చీటీ లేని మూట ఆ ఇంట్లో ఏ అరలోకీ ఎక్కదు. ఆ పని వాళ్లు నిద్రలో కూడా చెయ్యగలరు. పెద్దకొడుకు వెనక గదిలో ఉతికే యంత్రాలు చూసుకునేవాడు. ఇరవై ఏళ్లు ఆ హోరులో ఉన్నాడేమో, ఆయనకి చెప్పిన మాట మూడోసారికి గానీ చేరేది కాదు. చిన్నకొడుకు వ్యానులో బట్టలు తెచ్చి, ఇచ్చి వస్తూ ఉండేవాడు. చిన్నకోడలు ఇస్త్రీ చేసేది. పైన వంటగదిలో అత్తగారు.

ఆ ఇంట్లో ఒక సంగతి ఉంది. ఫలానావాళ్లకని వడ్డించిన తిండి ఆ ఫలానావాళ్లు తినేదాకా చల్లారదు. పాచిపోదు, వాసన రాదు. పొయ్యి మీంచి దించినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటుంది. అత్తగారి అత్తగారి నాటి నుంచీ అంతే. కుళాయి కారుతుంది, కిటికీ బిగుసుకుంటుంది, తిండి చల్లారదు. ఇందులో ఆశ్చర్యపోయేందుకు ఎవరికీ ఏమీ కనబడలేదు. భోంచేసి వెళ్లమంటే మొహమాటపడి వెళ్లిపోయిన ఒక మేనమామగారి కంచం గూట్లో ఏడాదిపాటు పొగలు కక్కింది. మళ్లీ వచ్చినప్పుడు ఆయన నోరు కాల్చుకున్నాడు. ఆ ఇంట్లో మసిగుడ్డ లేకుండా ఎవరూ గిన్నె ముట్టుకోరు, అంతే తేడా.

ఇక చిన్నకోడలు. చలాకీ పిల్ల, ఇస్త్రీలో చెయ్యి తిరిగినది. చిన్నప్పుడు కాస్త బొద్దుగా ఉండేదట, బళ్లో అందరూ "బస్తా" అని పిలిచేవారట. ఆ మాట కాపురానికొచ్చిన కొత్తలో నవ్వుతూనే చెప్పింది. నవ్వుతూ చెప్పింది కదా అని ఆ మాట మనసులోంచి పోయిందనుకున్నారు అందరూ.

ఆ పిల్లకి నెల తప్పింది. మొదట్లో వాంతులు, అవి మామూలే. నాలుగో నెలలో ఒకావిడ కోటు తీసుకోవడానికి వచ్చి, "అప్పుడే పొట్ట కనబడుతోందే! కవలలా?" అంది. అంతే, అంది, వెళ్లిపోయింది. మర్నాటి నుంచి చిన్నకోడలు, "వంటింటి వాసన పడట్లేదత్తయ్యా, నా కంచం గదిలోకి తీసుకెళ్తాను," అనడం మొదలుపెట్టింది. కంచం ఖాళీగా తిరిగొచ్చేది. అత్తగారు మురిసిపోయేది.

పెద్దకోడలికి మాత్రం కొన్ని సంగతులు మింగుడుపడలేదు. పది తువ్వాళ్లు ఒక్క చేత్తో తేగల పిల్ల, ఒక్కొక్క తువ్వాలే పట్టుకుని ఆ పద్దెనిమిది మెట్లూ ఎక్కి దిగుతోంది. ఎందుకే అంటే, "ఊరికే కూర్చుంటే బద్ధకంగా ఉంటుందక్కా." అందరి మధ్యా కూర్చోక తప్పని రోజున ఒక్క రొట్టెని గోరంత ముక్కలు చేసి, వాటిని కంచంలో అటూ ఇటూ తిప్పి, ఎదుటివాళ్లని మాటల్లో పెట్టి, ఇన్ని నీళ్లు తాగి లేచిపోతుంది. కూరలో నూనె ఎన్ని చెంచాలు వేశారని మాత్రం ఆరా తీస్తుంది. వేడి ఇస్త్రీపెట్టె ముందు నిలబడి చలి అంటూ స్వెట్టర్ వేసుకుంటుంది. పైగా ఒకరోజు, షట్టర్ ఎత్తకముందే, తూకం యంత్రం మీద తడి పాదాల గుర్తులు. చిన్న పాదాలు. మర్నాడూ ఉన్నాయి. ఆ మధ్యాహ్నం కూడా ఉన్నాయి.

"అత్తయ్యా, చిన్నమ్మాయి సరిగ్గా తింటున్నట్టు లేదు."

"నీ కళ్లజోడు మార్పించుకో. కంచం చూశావా, తుడిచిపెట్టినట్టుంది."

"కంచం సరే, మనిషిని చూడండి. చెంపలు లోపలికి పోయాయి."

"మొదటి కానుపు. నీ మొగుణ్ణి మోసినప్పుడు నేను ఇంకా పుల్లలా ఉన్నాను. ఏమైందట వాడికి?"

"వినబడదు," అంది పెద్దకోడలు.

మరిదిని పట్టుకుంది. అతను వ్యాను దిగకుండానే, "వాంతులు మామూలేనని డాక్టరే చెప్పారు వదినా. నువ్వు ప్రతిదానికీ భూతద్దం పెడతావు," అని పోనిచ్చాడు. మొగుడికి మూడుసార్లు చెప్పింది. మూడోసారికి ఆయన, "ఎవరు తినలేదూ? నేను తిన్నాను," అన్నాడు.

వచ్చేపోయేవాళ్లు మరీను. "వెనక నుంచి చూస్తే కడుపుతో ఉన్నావని ఎవరూ అనుకోరు తెలుసా! అదృష్టవంతురాలివి." ఆ మాటకి చిన్నకోడలి మొహం వెలిగిపోయేది. వెంటనే ఇంకో తువ్వాలు పట్టుకుని మెట్లెక్కేది. అన్నావిడ మూటలోంచి ఒక మేజోడు తీసి ఆవిడ నోట్లోనే కుక్కాలనిపించేది పెద్దకోడలికి.

ఆసుపత్రికి తోడు వెళ్లింది. నర్సు తలెత్తకుండా రాసుకుంటూ, "బరువు పెరగలేదే. బాగా తినాలమ్మా," అంది.

"తింటున్నానండీ," అంది చిన్నకోడలు.

"ఏమండీ, నేనొక్క మాట..." అంది పెద్దకోడలు.

"తర్వాతివాళ్లు రండి," అంది నర్సు.

ఇంతలో వానలు పట్టుకున్నాయి. లాండ్రీవాళ్లకి వానంటే గుండెల్లో రాయి పడినట్టే. ఎక్కడి బట్ట అక్కడే చెమ్మగా ఉంది. సరిగ్గా అప్పుడే పైన మెట్ల పక్కనున్న దుప్పట్ల అర వెచ్చబడింది. తడి దుప్పటి మడిచి పెడితే గంటలో కరకరలాడుతూ వచ్చేది, సగం ఇస్త్రీ అయిపోయినట్టు.

"వేడినీళ్ల పైపు ఆ గోడలోనే పోతోంది. ఇన్నాళ్లూ మనకి తెలియనేలేదు!" అంది అత్తగారు.

"పైపు అవతలి గోడలో ఉందత్తయ్యా."

"ఉంటే ఉంది. ఆరుతున్నాయా లేదా?"

చిన్నకొడుకు వీధి చివరి హోటలుకి వెళ్లి రోజుకి నలభై దుప్పట్లు ఒప్పుకుని వచ్చాడు. ఏ లాండ్రీలోనూ ఆరని బట్ట ఇక్కడ ఆరుతోందని పేరొచ్చింది. ఇంటిల్లిపాదీ హుషారుగా ఉన్నారు. పక్కింటి పిల్లి కూడా వచ్చి ఆ అర ముందు కాళ్లు బారజాపుకుని పడుకునేది.

మీకు తెలిసిపోయింది కదూ? చూశారా, మీకు తెలిసింది. తిండి చల్లారని ఇంట్లో పుట్టి పెరిగిన వాళ్లకి తెలియలేదు. తెలియలేదు అనకూడదేమో, తెలుసుకోబుద్ధి కాలేదు. అర పనికొస్తోంది మరి.

ఒక మధ్యాహ్నం హోటలు లెక్కకి రెండు దుప్పట్లు తక్కువొచ్చి, పెద్దకోడలు ఆ అరని అడుగుదాకా లాగింది. వెనకాల గోడకి ఆనించి పొట్లాలు. ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, వరసగా పేర్చిన పొట్లాలు. ముట్టుకుంటే చెయ్యి కాలింది. ఒక్కో పొట్లానికీ పిన్నీసుతో గుచ్చిన చీటీ. తేదీ, పూట, చిన్నకోడలి గుండ్రటి దస్తూరీలో.

ఆ పిల్ల వాటిని చెత్తబుట్టలో వేస్తే బుట్ట సెగలు కక్కి పట్టించేది. అందుకని దాచింది. అరలో పెట్టేముందు చెయ్యి దానంతటదే చీటీ రాసేసింది. దొంగతనంగా దాచేదానికి కూడా చీటీ గుచ్చేవాళ్లు ఎక్కడైనా ఉంటారా? లాండ్రీలో ఉంటారు.

డెబ్బై మూడు. మొదట్లో వారానికి రెండు, తర్వాత రోజుకొకటి. ఆ వారం అయితే మూడు పూటలూ.

పెద్దకోడలు మంచిదే గానీ కోపం ముక్కు మీద ఉంటుంది. ఇన్నాళ్లుగా ఒక్కరూ వినలేదన్న మంట కూడా తోడయింది. గబగబా పొట్లాలన్నీ దుప్పట్లో మూటగట్టి, మెట్లు దిగి, కొట్లో బల్ల మీద అందరి ముందూ కుమ్మరించింది. "ఇదిగోనండీ మీ వేడినీళ్ల పైపు!"

"నా చేతి వంట అంత చేదైపోయిందా?" అంది అత్తగారు.

"నా బిడ్డ కడుపు మాడుస్తావా?" అని అరిచాడు చిన్నకొడుకు.

"నువ్వు నోరు తెరవకు. నేను చెబితే భూతద్దం అన్నావు."

చిన్నకోడలు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, "అవి నావి కావు," అంది. తన దస్తూరీ ఎదురుగా కనబడుతుంటే అంది. తర్వాత కళ్లు తిరిగి, బల్ల పట్టుకుని కూలబడింది.

ఆ సాయంత్రం అత్తగారు ఎదురుగా కూర్చుని ముద్దలు కలిపి తినిపించింది. చిన్నకోడలు అన్నీ తిన్నది. తిని స్నానాలగదిలోకి వెళ్లింది. లోపల చన్నీళ్ల కుళాయి చాలాసేపు పారింది. పెద్దకోడలు పెరట్లోకి వెళ్లి, గోడవెంట దిగే మురుగు గొట్టం మీద చెయ్యి వేసి చూసింది. వెచ్చగా ఉంది. తను మధ్యాహ్నం చేసిన పని ఎంత తెలివితక్కువదో ఆ గొట్టం పట్టుకుని నిలబడ్డప్పుడు తెలిసింది ఆవిడకి.

మర్నాడు ఒక పొట్లం సంచిలో వేసుకుని ఆసుపత్రికి వెళ్లి, నర్సు రాసుకుంటున్న పుస్తకం మీద పెట్టింది. నర్సు పక్కకి నెట్టబోయి, చెయ్యి కాలి, కలం వదిలేసింది.

"ఎప్పటిదిది?"

"చీటీ మీద ఉంది, చూడండి."

నర్సు తేదీ చదివింది. రెండు నెలల కిందటిది ఇంకా ఎందుకు వేడిగా ఉందని అడగలేదు. "ఇలాంటివి ఎన్ని?" అని అడిగింది.

"డెబ్బై మూడు."

నర్సు లేచి తలుపు వేసింది. మెట్ల సంగతి, రొట్టె ముక్కల సంగతి, తూకం యంత్రం, స్వెట్టరు, కుళాయి, అన్నీ చెప్పించుకుంది. "ఇన్ని చూసి ఎవరికీ చెప్పలేదా అమ్మా?"

పెద్దకోడలికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "మీకే చెప్పబోయానండీ, పోయిన నెల. తర్వాతివాళ్లు రండి అన్నారు."

నర్సు వదిలేసిన కలం తీసి పుస్తకం మీద పెట్టింది. "అవును. అన్నాను," అంది. "ఇది మొండితనం కాదమ్మా. జబ్బు. పెద్ద డాక్టరుగారికి ఇవాళే చెబుతాను. మనసుకి వైద్యం చేసే డాక్టరు కూడా చూడాలి, వారం వారం. మీరు ఇంట్లో తిండి గురించి పోట్లాట పెట్టకండి. ఒళ్లు గురించి మంచీ వద్దు, చెడ్డా వద్దు. తినేటప్పుడు ఒకరు పక్కన కూర్చుని మీ తిండి మీరు తినండి. తిన్నాక అరగంట వదిలిపెట్టకండి."

ఇంటికొచ్చి పెద్దకోడలు ముందు తూకం యంత్రాన్ని బల్ల కింద పెట్టి తాళం వేసింది. చిన్నకోడలు మెట్ల మీద ఒళ్లో ఒక తువ్వాలు పెట్టుకుని కూర్చుని ఉంది. పొట్లాలు మళ్లీ అరలోకి చేరాయి. ఎవరు పెట్టారో ఎవరూ అడగలేదు. హోటలు దుప్పట్లు వాటి మీద ఆరుతున్నాయి.

పెద్దకోడలు పక్కన కూర్చుంది. "నిన్న అందరి ముందూ అలా కుమ్మరించకుండా ఉండాల్సింది. తప్పు నాది."

చిన్నకోడలు తువ్వాలు మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది. "భయం వేస్తోందక్కా. తింటే భయం, తినకపోతే లోపల బిడ్డ కదలదేమోనని భయం. నిన్నటి నుంచి సరిగ్గా కదల్లేదు."

"డాక్టరు రేపు పొద్దున్నే రమ్మన్నారు. నేనొస్తాను."

"అర చల్లారిపోతే హోటలు పని పోతుంది కదా?" అంది చిన్నకోడలు. "అందరూ ఎంత సంతోషంగా ఉన్నారో."

పై మెట్టు మీద అత్తగారు నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. ఆ మాట విని అలాగే వెనక్కి తిరిగి అర దగ్గరికి వెళ్లింది. ఒక్కో దుప్పటీ బయటికి లాగింది. సగం ఆరినవి, అసలు ఆరనివి, నలభై.

"అమ్మా, సాయంత్రానికి ఇవ్వాలి!" అన్నాడు చిన్నకొడుకు కింద నుంచి.

"పోయి చెప్పు, ఆరలేదని. వాన కురిస్తే బట్టలు ఆరవని చెప్పు. ఆ మాత్రం వాళ్లకీ తెలుసు." ఇంకో దుప్పటి లాగింది ఆవిడ. "తాళ్లు తెచ్చి కట్టు ముందు."

గదిలో, వంటింట్లో, నడవలో, ఎక్కడ చూసినా తాళ్లు, తాళ్ల మీద తడి దుప్పట్లు. ఒకరికొకరు కనబడటం లేదు. ఆ దుప్పట్ల మధ్య పెద్దకోడలు తన కంచం పెట్టుకుని కూర్చుంది. తిను అనలేదు. కోటు రెండు సైజులు కుంచించుకుపోయిందని పొద్దున పోట్లాడిన ముసలాయన గురించి చెబుతోంది. "కోటు కాదండీ, మీరే పెరిగారు అందామని నోటిదాకా వచ్చింది," అని చెప్పబోయి, నర్సు మాట గుర్తొచ్చి గుటుక్కున మింగేసింది. చిన్నకోడలు ఎదురుగా కూర్చుని ఒక పొట్లానికున్న పిన్నీసు తీసింది. అన్నిటిలోకీ చిన్నది, సగం గుడ్డు, ఒక రొట్టె. చాలాసేపు పట్టింది. మధ్యలో రెండుసార్లు ఆపి ఏడ్చింది. చివరి ముక్క నోట్లో పెట్టుకున్నాక ఖాళీ సంచి చేత్తో పట్టుకుని, "చల్లగా అయిపోయిందక్కా," అంది.

అరగంట ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.

ఆ ఒక్కపూటతో నయమైపోయిందనుకోకండి. ఒకరోజు తినేది, రెండు రోజులు మొహం తిప్పుకునేది. డాక్టరు దగ్గరికి వెళ్లేది, వెళ్లనని తలుపేసుకునేది. పెద్దకోడలు ఎన్నిసార్లు విసిగి పెరట్లోకి వెళ్లి బాల్చీని తన్నిందో ఆ బాల్చీకే తెలియాలి. కానీ పొట్లం వెంట పొట్లం అర చల్లబడుతూ వచ్చింది. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. కాస్త బరువు తక్కువగానే పుట్టింది, అయినా గుక్కపట్టి ఏడ్చింది.

ఏమిటీ? డెబ్బై మూడూ తినేసిందా అనా? లేదు నాన్నా. పదకొండు మిగిలాయి. ఆ అరలో చెయ్యి పెడితే ఇప్పటికీ గోరువెచ్చగా తగులుతుంది. ఎంత వాన కురిసినా ఆ ఇంట్లో ఎవరూ అందులో తడిబట్ట పెట్టరు.

ఇక లేవండి. తొట్లో గిన్నెలు సగం తోమి వదిలేసి వచ్చాను, సబ్బు ఎండిపోతుంది.