కాజ్ చేతి వల

మిల్వాకీ నది మీద బస్సులు పోయే వంతెన కింద, ఏప్రిల్ చలిలో, రబ్బరు ప్యాంటు తొడుక్కుని మొలలోతు నీళ్లలో నిలబడి లొరెయిన్ గాలం వేస్తోంది. కాస్త దిగువన ఆమె తమ్ముడు కాజ్ కూడా వేస్తున్నాడు. అక్కాతమ్ముళ్లకు మాటల్లేక రెండేళ్లు. ఆస్తి తగాదా అనుకునేరు! కాదు, ఒక చేప.

ఆ ఏడాది లొరెయిన్ గాలానికి ఇంత పెద్ద స్టీల్‌హెడ్ చేప పడితే, ఒడుపుగా అందుకోవడానికి కాజ్ వల చాపాడు. ఉన్నట్టుండి దారం వదులై చేప పోయింది. "నీ చేతులు పడిపోను! వలతో దారం తెంపేశావు కదరా!" అని ఏటి నిండా జనం చూస్తుండగా దులిపేసింది. కాజ్ వల మడిచి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచీ తన నోటిని తానే తిట్టుకుంటోంది గానీ, ముందుగా పలకరించడానికి మొహం చెల్లలేదు.

ఇవాళ గాలాన్ని ఏదో ఒక్క గుంజు గుంజింది. "చేప పడింది!" అని లొరెయిన్ కేక పెట్టగానే, ఏటి మర్యాద ప్రకారం అటూ ఇటూ ఉన్నవాళ్లంతా తమ దారాలు చుట్టేసి దారిచ్చారు. చేప ఎగిరిపడి, దిగువకి, సరిగ్గా కాజ్ వైపే పరుగు తీసింది. పక్కనున్న చూ వాంగ్ వల పట్టుకుని రాబోయాడు.

"నువ్వుండవయ్యా వాంగ్! ఒరేయ్ కాజ్, వల తీసుకురా!"

కాజ్ కదల్లేదు. "మళ్లీ పోతే నన్నే అంటావు."

"పోతే పోనీరా! చేప కోసమా నిన్ను పిలిచేది? రా!"

వచ్చాడు. వల నీళ్లలో ముంచి ఊపిరి బిగబట్టాడు. చేప ఇంకా బారెడు దూరంలో ఉండగానే గాలపు కర్ర తేలికైపోయింది. చేప పోయింది. అందరి చూపూ లొరెయిన్ నోటి మీదే.

ఆమె దారం చుట్టి కొస చూసుకుంది. తెగిన దారమైతే కొస తిన్నగా ఉంటుంది. ఇది పంది తోకలా మెలిక తిరిగి ఉంది. అంటే, తాను వేసిన ముడే జారిపోయింది.

"అప్పుడూ ఇలాగే ఉంది. నేను చూశాను," అన్నాడు కాజ్ మెల్లగా.

"చూసి చెప్పవేంరా, రెండేళ్లు!"

"నువ్వు ఊపిరి తీసుకుంటే కదా అక్కా, చెప్పడానికి!"

వాంగ్ పకపకా నవ్వాడు. లొరెయిన్‌కి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "తప్పు నాదేరా! అప్పుడూ నాదే, ఇప్పుడూ నాదే!" అంది, ఆనాడు తిట్టినంత గట్టిగానే. తర్వాత దారం కొస తమ్ముడి చేతిలో పెట్టింది. "ఇంద, నువ్వు కట్టు."

కాజ్ కొత్త కొక్కెం కట్టి, ముడిని నోటితో తడిపి బిగించి, ఒకసారి లాగి చూశాడు. ఇక తన చోటికి పోలేదు. అక్క పక్కనే నిలబడి గాలం విసిరాడు.