రాళ్లకట్ట మీది పరుగు

కుడికాలికి సిమెంటు కట్టుతో బుచ్చిరాములు తార్నాక అద్దెగదిలో పడి ఉన్నాడు. కాలి నొప్పికంటే రాజలింగం చెప్పుకుంటున్న కథే అతన్ని ఎక్కువ సలుపుతోంది.

ఇద్దరూ యూనివర్సిటీలో జువాలజీ చదువుతున్నారు, ఒకే గదిలో ఉంటున్నారు. ఆ చలికాలం క్లాసంతా విశాఖపట్నం టూరు వెళ్లింది. అలల్ని ఆపడానికి సముద్రంలోకి కట్టిన రాళ్లకట్ట మీద జనం సరదాగా గాలాలు వేస్తుంటే చూసి, వీళ్లిద్దరూ ఒక గాలం కొనుక్కుని కట్ట చివరిదాకా పోయారు. ఊరి చెరువులో చేపలు పట్టిన బుచ్చిరాములుకి సముద్రమంటే లెక్కలేదు. రొయ్య ముక్క గుచ్చి విసిరాడు. దారం బిర్రున గుంజింది. ఆ ఊపులో నాచు పట్టిన కిందిరాయి మీదికి దిగాడు. అప్పుడే పెద్ద అల వచ్చి కొట్టింది. కాలు రాళ్ల సందులో ఇరుక్కుని ఎముక విరిగింది.

పక్కనున్న రాజలింగం పరుగెత్తాడు, ఒడ్డుకేసి. బయటికి లాగింది అక్కడ గాలం వేసుకుంటున్న ఒక ముసలాయన.

ఆస్పత్రిలో లెక్చరరు "ఎవరు తీశారు?" అని అడిగితే రాజలింగం "నేనే సార్" అన్నాడు. కట్టు ఆరేలోపు ఆ మాట క్యాంపస్ అంతా పాకింది. అప్పట్నుంచీ రాజలింగం క్యారియర్ తెస్తాడు, బట్టలుతుకుతాడు, సైకిలు మీద క్లాసుకి తీసుకెళ్తాడు. అతను తెచ్చిన అన్నం తింటూ అతన్ని ఏమనాలి? బుచ్చిరాములు పళ్లు కొరుక్కుంటూ మింగాడు.

ఒకనాడు తల్లి ఉప్పలమ్మ ఊరినుంచి వచ్చింది, చంకలో కోడిపుంజుతో. కొడుకును తడిమి చూసుకుని, తిన్నగా పోయి రాజలింగం కాళ్ల మీద పడింది.

"నా కొడుకు పానం నిలబెట్టినవు నాయినా. ఈ పుంజు నీ కోసమే తెచ్చిన."

రాజలింగం కాళ్లు వెనక్కి తీసుకోలేదు. అది చూసి బుచ్చిరాములు ఒళ్లు భగ్గుమంది.

"లేవే అవ్వా! వాని కాళ్లు మొక్కకు! నేను లింగం, లింగం అని ఒర్రుతుంటే వెనక్కి సూడకుంట ఉరికిండు వీడు!"

రాజలింగం ముఖం నల్లబడింది. "నాకు ఈత రాదురా. బయమైంది."

"బయమైతే బయమైందని చెప్పు! ఉరికినందుకు కాదురా నా కోపం. మా అవ్వతోని మొక్కించుకున్నవు సూడు, దానికి!"

ఉప్పలమ్మ లేచి పుంజును మళ్లీ చంకన పెట్టుకుంది. "నిన్ను తీసినాయన పేరేందిరా?"

బుచ్చిరాములు కట్టు మీది దుప్పటి సర్దుకున్నాడు.

"పేరు సుత అడగలే? ఇన్ని దినాలు వీని మీద పండ్లు కొరుకుడేనా నీ పని?"

"కాలు ఇరిగుండెనే!"

"నోరు ఇరగలేదు గద," అని పుంజుతో సహా లాలాపేట్‌లోని చెల్లెలింటికి వెళ్లిపోయింది.

మరునాడు రాజలింగం తనే అతన్ని సైకిలు మీద ఎక్కించుకుని ఇరానీ హోటల్‌కి తీసుకెళ్లాడు. దోస్తులందరి ముందు నిలబడి, చెమటలు కక్కుతూ చెప్పాడు.

"నేను తియ్యలేదురా. నేను ఉరికిన."

క్లాస్‌మేట్ సామేలు ఫక్కున నవ్వి అతని వీపు చరిచాడు. "సూడుండ్రి, ఎంత చేసినా గొప్పలు చెప్పుకోడు మావోడు!"

అందరూ చప్పట్లు కొట్టారు. రాజలింగం దిక్కుతోచక చూశాడు.

"నిజమే చెప్తుండురా వాడు! ఉరికిండు!" బుచ్చిరాములు బల్ల మీద గుద్దాడు. చాయ్ ఒలికింది.

నవ్వులు ఆగిపోయాయి. సామేలు అతని కట్టు వంక, అతని ముఖం వంక చూశాడు.

"పానం కాపాడినోన్ని పట్టుకొని గట్లంటవా? సిగ్గు లేదురా నీకు?"

బుచ్చిరాములు చంకకర్రలు అందుకుని బయటికి నడిచాడు. వెనక సైకిలు తోసుకుంటూ రాజలింగం వస్తున్నాడు.

"ఎక్కురా, దింపుత."

"నడుస్త," అన్నాడు బుచ్చిరాములు, ముందుకే చూస్తూ.