నావ ముక్కున దీపం

దుర్గాశ్రీకి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: కూతురు పావని నీళ్ళలో పడిన చప్పుడు తనకి వినపడదేమోనని. పడుతుందేమోనన్న భయం ఎలాగూ ఉంది, నావలో పిల్లల్ని పెంచే తల్లులందరికీ ఉండేదే. అందుకే పిల్ల నడుముకి పాత చీర పేలిక చుట్టి, రెండో కొస తెరచాప కొయ్యకి ముడేస్తారు. కాళ్ళకి మువ్వలు కడతారు. కానీ ముడి ఊడొచ్చు. ఇసుక పడవ ఇంజను మోతలో మువ్వలు వినపడకపోవచ్చు. మూడేళ్ళ పిల్ల, గుప్పెడంత ఒళ్ళు, గోదాట్లో పడితే ఎంత చప్పుడవుతుంది? బిందె ముంచినంత కూడా కాదు.

బలుసుతిప్పలో బయల్దేరిన ఆ నావ నెలల తరబడి ఊరి మొహం చూడదు. వంటా నిద్రా అన్నీ అందులోనే. కొన్నాళ్ళు గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఆ తర్వాత గాలి చూసుకుని తెరచాపెత్తి పైకి జొన్నాడ దాకా. చీకటి పడే వేళకి ఆమె మొగుడు వీరవెంకటరమణ ముందు నిలబడి వల వదులుతాడు. ఆమె వెనక కూర్చుని తెడ్డేస్తుంది. ఇద్దరి మధ్యా తాటాకు గూటి కింద పావని నిద్రపోతుంది. గూటికి వేలాడే చిన్న బల్బు వెలుగుతూ ఉంటే, తెడ్డేస్తూనే పిల్ల అరికాళ్ళు చూసుకోవచ్చు. ఆ బల్బుకి బాటరీ, బాటరీకి నావ ముక్కు మీద బిగించిన సోలార్ పలక. కొన్నాళ్ళుగా బల్బు వేసిన కాసేపటికే మసకబారి ఆరిపోతోంది.

"ఫోను పెట్టి అంతా లాగేస్తన్నావు. ఉంటదేంటి మరి" అన్నాడు రమణ. అతని ఫోను గట్టు మీద టీ కొట్లో చార్జింగ్ అవుతుంది. ఆమెది బాటరీ దగ్గరే. సాయంత్రాలు అమ్మ గొంతు వినడానికి అదొక్కటే దారి.

ఒకరోజు రమణ బాటరీని భుజాన వేసుకుని జొన్నాడ సెంటర్లో సాయిబాబు కొట్టుకి పట్టుకెళ్ళేడు. మర్నాడు తెచ్చేడు.

"ఏవన్నాడు మావా కొట్టాయన?"

"బాటరీ బాగానే ఉందన్నాడు. నువ్వుంచితే ఉంటది."

ఆ సాయంత్రం బల్బు చక్కగా వెలిగింది. ఆ మర్నాడూ వెలిగింది. తర్వాత మళ్ళీ మామూలే. ఆ రోజులన్నిట్లోనూ ఆమె భయపడి ఫోను ముట్టుకోలేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. చెబితే ఏమంటాడో కూడా తెలుసు. "తొమ్మిది చదివేరు గదా మేడంగారు" అంటాడు. తొమ్మిది కూడా పూర్తిగా చదవలేదు. అన్న మస్కట్ పోయాక నాన్న నావకి తెడ్డేసే చెయ్యి లేకపోయింది, ఆమె బడి సంచి అటకెక్కింది. పెళ్ళితో తెడ్డు మారింది, అంతే. "మావాడు ఎండనకా వాననకా కష్టపడతన్నాడు, నువ్వు కూర్చుని తెడ్డెయ్యడవేగా" అనేది అత్త పోలమ్మ. చినిగిన వల అల్లడం, చేపలు కడగడం, అన్నం, పిల్ల, బట్టలు, ఇవన్నీ కూర్చునే చేస్తుంది గనక కష్టం కిందికి రావు.

గూటి పక్కన, పలక తీగ బాటరీతో కలిసే చోట, చిన్న పెట్టె ఒకటుంది. ఎండ బాగా ఉంటే దాని మీద పచ్చ చుక్క వెలగాలి. మిట్టమధ్యాహ్నం కూడా వెలగడం లేదు. మబ్బు లేదు. తెరచాప దింపే ఉంది, నీడా లేదు. ఆమె బియ్యం ఏరుతూ దాని వంకే చూస్తుంటే, ఒక ఇసుక పడవ పక్కనుంచి పోయింది. అలలకి నావ ఊగింది. పచ్చ చుక్క వెలిగి ఆరింది. మళ్ళీ వెలిగి ఆరింది. అలలు తగ్గేక చచ్చిపోయింది. అప్పుడర్థమయింది దుర్గాశ్రీకి. బాటరీకి జబ్బేం లేదు. దానికి కూడు అందడం లేదు. కొట్లో చార్జి నింపి పంపింది రెండు రోజులొచ్చింది, అంతే. నావ ఊగినప్పుడల్లా ఎక్కడో తీగ తగులుతోంది, వదులుతోంది. తలెత్తి చూస్తే ముక్కు మీద, పలక కింద, రమణ చుట్టిన టేపు ఊడి అతుకు బయటపడి ఉంది. మొగ దగ్గరి ఉప్పుగాలికి రాగి తీగంతా చిలుం పట్టి పచ్చగా ఉంది.

"మావా, ఆ ముక్కు దగ్గర అతుకోసారి చూడు. వదులయినట్టుంది."

"నేనేసిన ముడి ఎప్పుడన్నా ఊడిందా?"

"ఊడిందని కాదు, చిలుం పట్టి..."

"నువ్వు ముక్కు వైపు చూడబోకు. తెడ్డు వైపు చూడు" అని, ఫోను తీగ పీకి తన సంచిలో పెట్టేసుకున్నాడు.

నావ ముక్కు గంగమ్మ మొహం. పసుపు రాసి బొట్టు పెట్టే చోటు. "ఆడదాని కాలు పడిందా, వలలో నీళ్ళే తప్ప చేప పడదు" అని కాపరానికొచ్చిన రోజే చెప్పింది పోలమ్మ. ఇన్నేళ్ళ కాపరంలో ఆ నాలుగు చెక్కల మీద ఆమె అడుగు పెట్టలేదు. పావని మటుకు పేలిక అందినంత మేరా అక్కడ ఆడుకుంటుంది. ఎప్పటిదాకా ఆడనిస్తారో.

రమణ బియ్యానికి గట్టెక్కి వెళ్ళిన పూట ఆమె కాళ్ళు కడుక్కుని, గంగమ్మకి దణ్ణం పెట్టుకుని, ముక్కు మీదికెక్కింది. అతుకు విప్పి చేపల కత్తితో చిలుమంతా గీకింది. తీగలు ఎర్రగా తేలేదాకా గీకి, గట్టిగా మెలిపెట్టి, నూనె పాకెట్ ముక్క చుట్టి వల దారంతో కట్టింది. పైన పాత టేపు మళ్ళీ అతను చుట్టినట్టే చుట్టింది. వెనక్కి తిరిగి చూస్తే పెట్టె మీద పచ్చ చుక్క నిలకడగా ఉంది. చెక్క మీద తన తడి అరికాలి గుర్తు ఆరేదాకా మాత్రం గుండె నిలకడగా లేదు.

ఆ సాయంత్రం బల్బు ఆరలేదు. వలలో చేప కూడా బాగానే పడింది. ఆమెకి నవ్వొచ్చింది, ఎవరితో చెప్పుకుని నవ్వాలి?

రమణ వాళ్ళమ్మకి ఫోను చేసేడు. "ఫోను మానిపించేనమ్మా, బాటరీ బాగుపడిపోయింది."

"నే చెప్పలేదంట్రా? కోతికి కొబ్బరికాయ దొరికినట్టు, దానికి ఫోనెందుకు?" అంటోంది పోలమ్మ అవతల్నించి, దుర్గాశ్రీకి కూడా వినపడేలా.

కాదని చెప్పాలంటే ముక్కు తొక్కేనని చెప్పాలి. చెబితే ఇకనుంచి వల ఖాళీగా వచ్చిన ప్రతి పూటా ఆ అడుగు లెక్కే తీస్తారు. ఆమె అన్నం వడ్డించింది. ఫోను తీగ సంచిలోనే ఉండిపోయింది.

మర్నాడు చీకటి పడే వేళకి రమణ గూటికున్న బల్బు విప్పేడు. తీగ సాగదీసి నావ ముక్కున వేలాడగట్టేడు. "ఇంత వెలుగు ఇక్కడెందుకే, దండగ. ముందుంటే ఇసుక పడవలోళ్ళకి కనపడతది, వల తెగదు."

"పిల్ల కనపడదు మావా."

"పిల్లెక్కడికి పోద్ది? కట్టేసే ఉంది గదా."

దీపానికి అతని వీపు అడ్డం, వీపు వెనక తాటాకు గూడు, గూటి వెనక ఆమె. చేతిలో తెడ్డు కూడా కనపడడం లేదు. తడుముకుంటూ వెళ్ళి తెరచాప కొయ్యకున్న ముడి విప్పి, ఆ కొస తన నడుముకి కట్టుకుంది. ఇక చప్పుడు వినపడకపోయినా పేలిక లాగుతుంది. తెడ్డేసి తెడ్డేసి, లాగినా మేలుకోలేనంతగా కునుకు పట్టేసిందా, ఇద్దరూ కలిసే పోతారు. పిల్ల ఒక్కతే పోదు.

మీలో ఎవరైనా పొద్దుగూకాక జొన్నాడ వంతెన దాటుతుంటే, ఒక్క నిమిషం బండి పక్కకి తియ్యండి. కింద నీళ్ళ మీద నావ ముక్కున ఒక దీపం కనిపిస్తుంది. బాగానే వెలుగుతోంది గదా అని వెళ్ళిపోకండి, ఆ వెలుగు వల కోసం. దాని వెనక చీకట్లోకి చూసి, పావనీ అని గట్టిగా పిలవండి. మువ్వలు మోగేదాకా అక్కడే ఉండండి.