దోమతెర కట్టిన కారు

మా బావకు ఏ వస్తువుకైనా ముసుగు వేస్తేగాని నిద్ర పట్టదు. టీవీ రిమోటుకు ప్లాస్టిక్ సంచి, కుర్చీలకు గుడ్డలు, ఆ గుడ్డలు మాయకుండా వాటి మీద పాత దుప్పట్లు. పెళ్ళైన కొత్తలో మా అక్కకు కూడా ఏదో ఒక తొడుగు కుట్టిస్తాడని ఇంటిల్లిపాదీ బెంగపెట్టుకున్నాం. ఆయన కారు కొన్నప్పుడు అందులో ఏసీ ఎలా ఉండేదో చెబితే ఎవరూ నమ్మరు. పొరపాటున లోపలికి దూరిన ఈగ ఒకటి తుమ్ముకుంటూ బయటపడింది, నా కళ్ళతో చూశాను. ఇప్పుడు కారు ముసలిదైపోయింది. ఆ ఈగ మళ్ళీ వస్తే విసనకర్ర అడుగుతుంది.

ఈ ఎండాకాలంలో ఆ ఏసీతో పెద్ద పని పడింది. అక్కకు జబ్బు చేసి ఒంటికి చెమట పట్టడం మానేసింది. కాస్త వేడి తగిలితే స్పృహ తప్పుతోంది. ఆపరేషన్ కోసం దూరాన ఉన్న పెద్దాసుపత్రిలో చేరాల్సిన రోజు వచ్చింది. అంబులెన్సులో తీసుకెళ్ళమని డాక్టరు చెబితే అక్క ససేమిరా అంది.

"పడుకోబెట్టి పంపితే నన్ను సాగనంపినట్టే ఉంటుందిరా తమ్ముడూ. ముందు సీట్లో కూర్చుని దారంతా చూసుకుంటూ పోతాను. మళ్ళీ చూస్తానో లేదో."

కారు చల్లబడితే ముందు సీటు, లేకపోతే స్ట్రెచరు. ఆ రోజు పొద్దున్నే నేనూ బావా మెకానిక్ షెడ్డుకు పోయాం.

మెకానిక్ ఇంజన్ ఆన్‌లో ఉంచి, గాలి వచ్చే రంధ్రంలో థర్మామీటరు గుచ్చాడు. "కారు పోతున్నప్పుడు చల్లగా ఉండి, ఆగితే వేడెక్కుతోందా సార్?"

"అదే బాబూ. ఎండలు ముదరగానే గ్యాస్ పట్టిస్తూనే ఉన్నా."

అతను కారు ముందు వంగి, లైటు వేసి చూసి, "ఇదేంటి సార్?" అన్నాడు.

రేడియేటర్ ముందుండే జాలీకి రెండు పొరల దోమతెర బిగించి కుట్టి ఉంది. దుమ్ము పేరుకుని అది కంబళిలా తయారైంది.

"పురుగులూ రాళ్ళూ తగిలి లోపల పాడవుతుందని కట్టా. కొన్న వారానికే," అన్నాడు బావ, కాస్త గర్వంగానే.

"కారుకు మలేరియా వస్తుందని భయపడ్డావా బావా?"

"నువ్వు నోరు ముయ్యవోయ్! కోసెయ్ బాబూ, కోసెయ్."

తెర కోసి, జాలీని నీళ్ళతో కడిగితే బురద కారింది. థర్మామీటరులో అంకె దిగడం మొదలైంది. బావ మొహం వెలిగింది. అక్కకు ఫోన్ చేయబోయాడు.

"ఆగండి సార్," అని మెకానిక్ రెండు గొట్టాలు తగిలించాడు. వాటి చివర గడియారాల్లాంటి రెండు గేజీలున్నాయి. గ్యాస్‌ను నొక్కే కంప్రెసర్ పనిచేస్తే ఒక ముల్లు పైకి, ఇంకోటి కిందికి పోవాలట. మొండి మొగుడూ పెళ్ళాల్లా ఎడమొహం పెడమొహం కావాలన్నమాట. ఇవి కొంచెం వణికి, దగ్గరదగ్గరగానే నిలబడిపోయాయి. థర్మామీటరులో అంకె మళ్ళీ ఎక్కసాగింది.

"గ్యాస్ చాల్లేదేమో," అన్నాడు బావ.

ఉన్న గ్యాసంతా తీసి, తూచి, సరిపడా నింపి చూశాడు. ముళ్ళు కదల్లేదు.

"కంప్రెసర్ లోపల అరిగిపోయింది సార్. గ్యాస్‌ను నొక్కలేకపోతోంది."

"ఎందుకు అరిగింది?"

మెకానిక్ నేల మీది దోమతెర వైపు చూశాడు. చెప్పడానికి ఇబ్బంది పడ్డాడు. "జాలీకి గాలి ఆడలేదు సార్. లోపలి వేడి బయటికి పోక, బరువంతా కంప్రెసర్ మీద పడింది. ఇన్నేళ్ళూ ఈడ్చుకొచ్చింది, పాపం."

"కొత్తది వేసెయ్. ఇవాళే."

"ఈ మోడల్‌ది దొరకదు సార్. ఎక్కడెక్కడో వెతికి తెప్పించాలి. వారం పైనే పడుతుంది."

వచ్చేటప్పుడు బావ దారి పొడుగునా చేత్తో గాలి రంధ్రాన్ని తడుముతూనే ఉన్నాడు.

అక్క తడిగుడ్డ కప్పుకుని ఫ్యాను కింద కూర్చుని ఉంది. బావ ఆమె ఎదుట నిలబడి, "నేనే పాడుచేశానే," అన్నాడు. జరిగిందంతా చెప్పాడు.

"కిటికీలు దించుకుని పోదామండీ."

బావ తల అడ్డంగా ఊపాడు.

"సరే. పిలవండి వాళ్ళని," అంది అక్క.

అంబులెన్సులో మాత్రం బాగా చల్లగా ఉంది. అక్కను పడుకోబెట్టి బెల్టు కట్టారు. నేనూ బావా పక్కన ఇరుక్కున్నాం. అద్దాలకు తెల్లరంగు పూశారు, బయటిదేదీ కనబడదు.

బండి కదిలిన కాసేపటికి అక్క అడిగింది. "ఎక్కడిదాకా వచ్చాం?"

బావ ఆ తెల్లటి అద్దానికి మొహం ఆనించాడు. "వంతెన ఎక్కుతున్నాం. నీళ్ళు బాగానే ఉన్నాయి. ఒకాయన గేదెల్ని తోలుకుపోతున్నాడు. వెనకదానికి కుంటు."

"నిజమేనట్రా తమ్ముడూ?"

"నిజమే అక్కా. మూడు కాళ్ళ మీదే నడుస్తోంది."

అక్క కళ్ళు మూసుకుంది. "ఊఁ, తర్వాత?" అంది.

బావ చెబుతూనే ఉన్నాడు. ఆయన ఆగినచోటల్లా నేను అందుకున్నాను. కాసేపటికి అక్క ఊఁ కొట్టడం మానేసింది. నిద్రపోయిందో, వినడం చాలనుకుందో మాకు తెలియలేదు. అడగడానికి ఇద్దరికీ ధైర్యం చాల్లేదు.