భార్యకు వర్తించని సెక్షన్

గుండు కొట్టించుకోవడం వాసుదేవ మీద మోపిన నేరాల్లో మూడోది. మొదటిది, ఇరవై రోజుల సెలవు మీద ఇంటికి వచ్చి ఇరవై ఆరో రోజున కూడా మగ్గం గుంటలోనే కూర్చుని ఉండడం. రెండోది, వెంటనే రమ్మని పటాలంలో అతని కంపెనీ పంపిన టెలిగ్రాం అందినా కదలకపోవడం. మూడోది ఈ గుండు. ఎవరూ గుర్తు పట్టకుండా మారువేషం వేశాడని పోలీసు సబిన్‌స్పెక్టరు కాగితం మీద రాసిపెట్టాడు. ఆడికృత్తిక పండగకు తిరుత్తణి కొండ మీద గుండు గీయించుకున్న వాళ్ళందరినీ మారువేషగాళ్ళ కింద జమకడితే ఆ ఏడు సర్కారుకు జైళ్ళు చాలేవి కావు. ఆ సంగతి సబిన్‌స్పెక్టరుకూ తెలుసు. తెలిసినదంతా రాయాలని ఎక్కడా లేదు కదా.

మొక్కు అతని భార్య కోకిలది. పళ్ళిపట్టుకు కూతవేటు దూరంలో నేతగాళ్ళ వాడలో వాళ్ళ ఇల్లు. నలభై మూడో సంవత్సరం అది. యుద్ధం వల్ల నూలు దొరక్క మగ్గాలు మూలపడితే, వాసుదేవ రోడ్లు వేసే పయనీరు పటాలంలో చేరి తిరువళ్ళూరు దగ్గర క్యాంపుకు పోయాడు. మొగుడు ఒక్కసారి చెక్కుచెదరకుండా ఇల్లు చేరితే ఆయన తలనీలాలు ఇప్పిస్తానని కోకిల ఆనాడే తిరుత్తణి స్వామికి మొక్కింది. తీరా సెలవు దొరికి వస్తే, కృత్తిక సెలవు అయిపోయిన నాలుగో రోజున పడింది. నాలుగైదు రోజులు ఆలస్యమైతే కొంపలేం మునగవు, మహా అయితే వారం రోజులు గుంతలు తవ్విస్తారు అనుకున్నాడు వాసుదేవ. కొండకు పోయి గుండు చేయించుకుని వచ్చాడు. రేపో మాపో బయలుదేరదామనుకుంటూ ఉండగానే పోలీసులు వచ్చారు.

అతను ఇంట్లో ఉన్నప్పుడే కంపెనీ మొత్తం అస్సాముకు, బర్మా సరిహద్దుకు పోయిందని ఆ పొద్దే తెలిసింది. సెలవులో ఉన్న వాళ్ళందరినీ టెలిగ్రాములిచ్చి పిలిపించారట. అతనొక్కడే రాలేదట.

అతన్ని తీసుకుపోయిన మర్నాడు కోకిల నాయన కొట్టుకు వెళ్ళింది. ఆమె నాయన తిరుమలయ్య, వాసుదేవకు స్వయానా మేనమామ. తల్లీతండ్రీ లేని మేనల్లుణ్ణి పెంచి, మగ్గం నేర్పి, కూతుర్నిచ్చిన మనిషి. వాడలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు చదవగలిగింది ఆయనొక్కడే. అందుకని ఎవరికి ఏ తంతి వచ్చినా ముందు ఆయన నూలు కొట్టుకే వస్తుంది.

"టెలిగ్రాం వచ్చిందంట గదా నాయనా. మాకు ఎవురూ ఇయ్యలేదే."

 తిరుమలయ్య కొట్టు తలుపు దగ్గరగా వేసి, పెట్టె అడుగు నుంచి మడిచిన కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు.

"రంగూను నుంచి నడిచొచ్చినోళ్ళు చెప్పింది ఈ చెవులతో విన్నాను అమ్మా. ఆ అడివిలోకి పోయినోడు తిరిగొస్తాడా? ఇది వాని చేతికిస్తే ఆ పొద్దు బస్సుకే పోతాడు. నీ మొకం చూసి దాచినాను."

"మళ్ళ పోలీసోళ్ళకు మీ అల్లునికి, ఆయప్పకే ఇచ్చేసినానని చెప్పినారంట, ఎందుకు?"

"సబిన్‌స్పెక్టరు సెక్షన్ చదివినాడు. పారిపోయిన సిపాయిని ఇంట్లో పెట్టుకున్నోడికి రెండేండ్ల జైలంట. నాకు కాళ్ళూ చేతులూ చల్లబడిపోయినాయి. ఏం చెప్తావుండానో తెలీకుండా చెప్పేసినాను. దీన్ని తీసుకపోయి కాల్చెయ్."

కోకిల కాల్చలేదు. రవికలో దోపుకుని ఇంటికి వచ్చింది. నాయన మీద ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆ తంతి తన చేతికే వచ్చి ఉంటే తానూ దాచి ఉండేదేమో అనిపించి ఇంకా మండింది.

నెల తిరగకుండానే తిరువళ్ళూరు క్యాంపు నుంచి కబురు వచ్చింది. మిలిటరీ కోర్టులో వాసుదేవ విచారణ. ప్రభుత్వం తరఫు సాక్షిగా తిరుమలయ్య రావాలి, ముద్దాయి తరఫున భార్య రావచ్చు. తండ్రీకూతుళ్ళు పళ్ళిపట్టులో బొగ్గుతో నడిచే బస్సెక్కి తిరుత్తణికి, అక్కడి నుంచి రైల్లో తిరువళ్ళూరికి పోయారు. దారి పొడుగునా ఆయన మూడుసార్లు మంచినీళ్ళు కావాలా అని అడిగాడు. ఆమె మూడుసార్లూ వద్దంది. వాళ్ళ మధ్య జరిగిన మాటలు అంతే.

ముద్దాయి తరఫున వాదించే ఆఫీసరు పేరు కెప్టెన్ కేశవన్. యుద్ధానికి ముందు మద్రాసులో వకీలు. ముద్దాయి తనకు ఫలానా ఆఫీసరు కావాలని కోరుకోవచ్చునట. అలా అడిగినప్పుడు వాసుదేవ, మీరు ఎవురిని పెడితే వాళ్ళే సార్ అన్నాడట. అలా వచ్చినవాడు కేశవన్. విచారణ ముందు రోజు క్యాంపు వరండాలో భార్యాభర్తలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, అరవం కలిపిన తెలుగులో అతను ఒక్కొక్క సంగతే విప్పి చెప్పాడు. తుపాకీ పట్టుకున్న కాపలావాడు రెండు బారల దూరంలో నిలబడి ఉన్నాడు. తిరుమలయ్య గేటు బయటే ఆగిపోయాడు.

"కోర్టులో అయిదుగురు ఆఫీసర్లు ఉంటారు. వాళ్ళలో ఎవరి మీదైనా నీకు నమ్మకం లేకపోతే వద్దని చెప్పొచ్చు. నిన్ను ఏమైనా అడిగితే జవాబు చెప్పకుండా ఉండొచ్చు. నోరు మూసుకున్నందుకు నిన్ను ఎవరూ తప్పు పట్టకూడదు."

వాసుదేవ వెంట్రుకలు అప్పుడే మొలుస్తున్న తల మీద చేయి వేసుకుని వింటున్నాడు. అంత పెద్దవాళ్ళను పట్టుకుని మీరు వద్దు అనే హక్కు ఉందని వినడానికే అతనికి భయంగా ఉన్నట్టు కోకిలకు కనిపించింది.

కేశవన్ కాగితాల కట్ట విప్పాడు. "సెలవు మీరి ఆరు రోజులు ఉన్నావు. అది తప్పే, కానీ చిన్న తప్పు. టెలిగ్రాం చూసి కూడా పోలేదంటే అది వేరు. యుద్ధానికి భయపడి పారిపోయినట్టు. దానికి అయిదేళ్ళు, ఏడేళ్ళు కూడా వేస్తారు. కేసంతా టెలిగ్రాం మీదే ఉంది. ఇదిగో, వాళ్ళ సాక్షులు చెప్పినదానికి నకలు. ముందుగా నీకు ఇచ్చి తీరాలి, అది రూలు. మీ మామ ఏం చెప్పాడో విను. 'టెలిగ్రాం తీసుకొని ఆ పొద్దే అల్లుడి ఇంటికి పోయి ఇచ్చినాను.' ఇది నిజమా?"

"నాకు అందలేదు సార్."

"అట్లయితే మీ మామ అబద్ధం చెప్పినాడు."

"మామ నోట్లో అబద్ధం రాదు సార్. యాడో ఏదో పొరపాటు జరిగింటాది."

"రేపు బోనులో అడుగుతా. గట్టిగా నాలుగు ప్రశ్నలు వేస్తే ఆ పొరపాటు ఏమిటో బయటికి వస్తుంది. సాక్షిని అడగడం నీ హక్కు."

"వద్దు సార్." వాసుదేవ మొదటిసారి తల ఎత్తాడు. "నాకు కూడు పెట్టి సాకినోడు. నలుగురిలో నిలబెట్టి ఆయన్ని అడగొద్దండి. నాకు ఎన్నేండ్లు పడినా సరే."

కేశవన్ పెన్ను కింద పెట్టేశాడు. చట్టం ఇచ్చిన హక్కులన్నీ ముందు పరిచి కూర్చుంటే, ముద్దాయి వాటిలో ఒక్కటీ ముట్టుకోనంటున్నాడు. వకీలుకు విసుగు వచ్చిందంటే రాదా మరి.  కోకిలకు మాత్రం నాయన పేరు నాలుక చివరి దాకా వచ్చి ఆగింది. చెబితే మొగుడు బయటపడతాడు, నాయన లోపలికి పోతాడు. చెప్పకపోతే మొగుడు పోతాడు.

"సార్," అంది ఆమె. "సిపాయిని దాచిపెట్టినోళ్ళకు రెండేండ్లంట గదా. అది ఎవురికైనా అంతేనా?"

కేశవన్ ఆమె వంక ఒకసారి చూసి, సంచిలోంచి లావుపాటి పుస్తకం తీశాడు. పేజీ వెతికి పైకి చదివి, తెలుగులో చెప్పాడు. "ఎవరికైనా అంతే. కానీ చివర ఒక్క మాట ఉంది. భర్తను భార్య దాచిపెడితే ఈ సెక్షన్ ఆమెకు వర్తించదు."

"నాయన దాచిపెడితే?"

"వర్తిస్తుంది. తల్లికి, తండ్రికి, అన్నకు, అందరికీ. చట్టం వదిలిపెట్టింది పెండ్లాం ఒక్కదాన్నే."

"ఎందుకట్ల?"

"మొగుణ్ణి పట్టి ఇయ్యమని పెండ్లాన్ని అడగడం న్యాయం కాదని తెల్లవాళ్ళకు కూడా తోచినట్టుంది." అతను పుస్తకం మూసేశాడు. "రేపు నిన్ను పిలుస్తానమ్మా. ఏం చెప్తావో ఇప్పుడు అడగను. ప్రమాణం చేసి చెప్పాలి, అది మాత్రం గుర్తు పెట్టుకో."

మర్నాడు పొద్దున్నే విచారణ మొదలైంది. అయిదుగురు ఆఫీసర్లు పొడుగాటి బల్ల వెనక కూర్చున్నారు. వీరిలో ఎవరి మీదైనా అభ్యంతరం ఉందా అని అడిగితే, వాసుదేవ చేతులు కట్టుకుని, అందరూ పెద్దోళ్ళే సామీ అన్నాడట. గుండు సంగతి కేశవన్ ఒక్క ప్రశ్నతో తేల్చేశాడు. ఆ రోజు కొండ మీద ఎందరు గుండ్లు చేయించుకున్నారని అడిగితే సబిన్‌స్పెక్టరు లెక్క చెప్పలేక నవ్వేశాడట. ఇవన్నీ కోకిల తరువాత విన్నవే. సాక్షులు బయట ఉండాలి కనుక ఆమె వరండాలో కూర్చుంది. తిరుమలయ్య లోపలికి పోయి, పావుగంటలో బయటికి వచ్చాడు. ఆయన్ని ఎవరూ నిలదీయలేదు. అయినా నిలదీసినట్టే చెమటలు కక్కుతున్నాడు. కూతురికి ముఖం చాటేసి గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఆమెను పిలిచారు. ప్రమాణం చేయించారు. ఆమె చెప్పేది ఇంగ్లీషులోకి మార్చడానికి ఒక సుబేదారు పక్కనే నిలబడ్డాడు.

"నీ తండ్రి టెలిగ్రాం తెచ్చి ఇచ్చాడా?" అని కేశవన్ అడిగాడు.

"తెచ్చినాడు సార్. ఆయప్ప ఏటికాడికి పోయింటే నా చేతికిచ్చి, వచ్చినంక ఇయ్యమని చెప్పి పోయినాడు."

కేశవన్ రెప్ప వేయకుండా చూశాడు. "నువ్వు ఇచ్చావా?"

"లేదు సార్. దాచిపెట్టినాను."

ఆమె రవికలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టింది. మడతల దగ్గర చెమటకు తడిసి నలిగిపోయి ఉంది. పెద్ద ఆఫీసరు దాన్ని విప్పి చదివి పక్కవాడికి ఇచ్చాడు. అయిదుగురి చేతులూ మారింది. మధ్యలో ఒకాయన, ఇంగ్లీషు రాని మనిషికి దీనిలో ఏముందో ఎలా తెలిసిందని అడిగించాడు.

"తెలీదు సామీ. సిపాయి ఇంటికి టెలిగ్రాం వస్తే పిలిచేదానికి గాక ఇంకెందుకు వస్తాది?"

"నీ తండ్రికి నువ్వు దాచిన సంగతి తెలుసా?"

"తెలీదు. నేనెవురికీ చెప్పలేదు."

"భర్తకు ఎందుకు చెప్పలేదు?"

అప్పటిదాకా ఆమె చెప్పిన జవాబులు ముందు రోజు సాయంత్రం సత్రం అరుగు మీద అల్లుకున్నవి. ఈ ప్రశ్నకు ఆమె ఏమీ అల్లుకోలేదు.

"చెప్పింటే పోయింటాడు సామీ. ఒక్క గడియ కూడా నిలిచింటాడు కాదు. ఆయప్పకు భయం లేదు. నాకే."

సుబేదారు ఆ మాటను ఇంగ్లీషులో చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు. పెద్ద ఆఫీసరు రాసుకున్నాడు. కేశవన్, ఇక అడిగేదేమీ లేదని కూర్చున్నాడు. కోకిల అప్పుడు మొగుడి వైపు చూసింది. వాసుదేవ ఆమెను, ఎవరింటి ఆడమనిషో అన్నట్టు చూస్తున్నాడు.

పై అధికారి సంతకమై తీర్పు రావడానికి పది రోజులు పట్టింది. పారిపోయిన నేరం రుజువు కాలేదు. సెలవు మీరి ఉన్నందుకు మూడు నెలల శిక్ష, ఆ తరువాత అస్సాములో ఉన్న కంపెనీకి. కోకిల మీద ఎవరూ కేసు పెట్టలేదు. కేశవన్ చెప్పినట్టే చట్టం ఆమెను వదిలిపెట్టింది.

అతన్ని జైలుకు తీసుకుపోయే ముందు పది నిమిషాలు చూడనిచ్చారు. తిరుమలయ్య రానన్నాడు, ఆమె ఒక్కతే పోయింది. వాసుదేవ తల మీద వెంట్రుకలు అర అంగుళం మేర మొలిచాయి.

"నావల్ల మామకు ఎంత తలవంపు అయిపోయిందో," అన్నాడు. "నువ్వు చెప్పేదాకా కోర్టులో అందురూ ఆయన్ని అబద్ధాలకోరు అనుకోలేదా? నేను చెప్తానే ఉండాను, ఆయన నోట్లో అబద్ధం రాదని."

అతను తల మీద చేయి వేసుకున్నాడు.

"షణ్ముగం నాకోసం రైలు డబ్బా తలుపుకాడ నిలబడి చూసినాడంట. మా కంపెనీలో నా జతగాడు, తామరైపాక్కం షణ్ముగం. నేను పిరికోణ్ణని అనుకోని పోయింటాడు." అతను గోడ వైపు తిరిగాడు. "నాకు మేలే చేస్తివి, కాదనలేదు. కానీ నన్ను అడిగి చేసింటే బాగుండు."

నిజం అతని ముందు పెట్టడానికి ఆమెకు ఇంకా నాలుగు నిమిషాలు ఉన్నాయి. కాపలావాడు వచ్చేదాకా ఆమె అలాగే నిలబడింది. మనసంతా ఏడుస్తూనే ఉంది, కళ్ళలో మాత్రం తడి రాలేదు.

అస్సాము నుంచి మొదటి ఉత్తరం మాఘమాసంలో వచ్చింది. మామగారి పేరుకు వచ్చింది. చదువురాని కూతురికి వినిపించడానికి తిరుమలయ్య దాన్ని పట్టుకుని, దొరికిన కాస్త నూలుతో ఆమె నేస్తున్న మగ్గం పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. షణ్ముగం కనిపించాడట. చలి ఎక్కువట. కొండ తొలిచి రోడ్డు వేస్తున్నారట. ఆయన చదువుతూ చదువుతూ ఒకచోట ఆగి, కాగితం మడవబోయాడు.

"అయిపోయిందా నాయనా?"

"అయినట్టే."

"ఇంకా ఉండాది. చదవండి."

తిరుమలయ్య గొంతు సవరించుకున్నాడు. "ఇకమీద నా పేరుతో కంపెనీ నుండి ఏ కాగితం వచ్చినా తమరి చేతిలోనే ఉంచుకోవలెను. కోకిల చేతికి ఇయ్యవద్దు."

ఆయన ఉత్తరం ఒళ్ళో పెట్టేశాడు. "ఇప్పుడే రాస్తాను అమ్మా. జరిగిందంతా రాసేస్తాను. రెండేండ్లు పడితే పడనీ."

పోగుల మధ్య అటూ ఇటూ విసిరే నాడె కోకిల చేతిలో ఆగింది. "రాయొద్దు. యాడో అడివిలో ఉండాడు. ఆయప్పకు నమ్మకమున్న మనిషి మీరొక్కరే. ఆ ఒక్కరూ లేకుండా చేస్తే ఎట్ల బతుకుతాడు?" నాడె మళ్ళీ విసిరింది. "మిగతాది చదవండి."

మిగతాది రెండు వాక్యాలే. మామ మోకాలి నొప్పి ఎలా ఉందని ఒకటి, నూలు దొరుకుతున్నదా అని ఒకటి. ఉత్తరం మొత్తంలో కోకిల పేరు ఉన్నది, ఆమె చేతికి ఇయ్యవద్దన్న ఆ ఒక్కచోటే.