కుడిపక్క తంగేడు

మక్బూల్ ఆఖరి బకెట్టు నీళ్లు కారు పైకప్పు మీద కుమ్మరించి, పాత లుంగీ గుడ్డతో అద్దం తుడుస్తుండగా డాక్టరమ్మ బయటికి వచ్చింది. ఇంకా పొద్దు పూర్తిగా పొడవలేదు. మంకమ్మతోట వీధిలో మంచు పలచగా దిగి ఉంది. బతుకమ్మ పండుగ వెళ్లిపోయినా ఎవరి వాకిట్లోనో ఎండిన గునుగు పూలు ఇంకా పడి ఉన్నాయి.

"మక్బూల్ భాయ్, షోరూం కుమార్ మళ్ల ఫోన్ చేసిండు," అంది పద్మలత, చేతిసంచి వెనక సీట్లో పెడుతూ. "కొత్త కారుల గా నావిగేషన్ ఉన్నది కావాల్నా, లేనిది సాలునా అని. మాపటికి చెప్పాల్నట. అది ఉంటె ధర ఎక్కువ. నువ్వేమంటవు?"

"నేనుండంగ అదెందుకమ్మా," అన్నాడు మక్బూల్.

మాట దానంతట అదే వచ్చేసింది. వచ్చాక, అద్దం మీద తిరుగుతున్న అతని చేయి కాసేపు ఆగిపోయింది.

అతనికి అరవై దాటాయి. బక్క మనిషి. గడ్డానికి భార్య వజీరున్నీసా పెట్టిన గోరింటాకు ఎరుపు. కుడి మోచేయి ఎడమదానికన్నా నలుపు. ఏళ్ల తరబడి కిటికీ మీద ఆనించి ఎండకు వదిలేసిన చేయి అది. కుర్రతనంలో గోదావరిఖని నుంచి బొగ్గు లారీల మీద ఆదిలాబాద్ దాటి చంద్రాపూర్ దాకా తిరిగాడు. దాబాల్లో రొట్టె అడగడానికి సరిపడా మరాఠీ నేర్చుకున్నాడు. డాక్టరమ్మ ఆసుపత్రి తెరిచిన కొత్తలో ఆమె దగ్గర చేరి, మరి ఎక్కడికీ పోలేదు. హుస్నాబాద్‌లో పురిటి కష్టమన్నా, సుల్తానాబాద్ అవతల ఏ పల్లెలో కబురొచ్చినా, అతను తాళంచెవి తీసుకుని ముందు నడిచేవాడు. ఆమె లోపల పురుడు పోస్తుంటే బయట బానెట్ మీద అరచేయి ఆనించి నిలబడేవాడు. ఇంజను వేడి చేతికి తగులుతుండగా ఎప్పుడో పసిబిడ్డ ఏడుపు వినిపించేది. 'షుక్ర్' అని మనసులోనే అల్లాకు కృతజ్ఞత చెప్పుకునేవాడు. ఆ ఒక్క క్షణం కోసమే తాను పుట్టినట్టు అనిపించేది.

మొన్నటి ఎండాకాలంలో, డాక్టరమ్మ వెనక సీట్లో కళ్లు మూసుకుని ఉండగా, హుస్నాబాద్ చౌరస్తాలో, నాలుగు దారులూ ఒకే తీరుగా కనిపించాయి. మొదట భయం వేయలేదు. మధ్యాహ్నం నిద్ర లేచినప్పుడు ఇది పొద్దున్నా సాయంత్రమా అని తెలియకుండా ఉంటుందే, అలా ఉంది. తల నిండా దూది. వెనక హారన్ మోగితే అదాటున కదిలాడు. భయం ఇంటికి వెళ్లాక వచ్చింది. వజీరున్నీసాకు మాత్రం చెప్పాడు. డాక్టరమ్మకు చెప్పలేదు.

ఆ పొద్దున చెన్నూరుకు బయలుదేరారు. సుల్తానాబాద్ దాటేసరికి ఎండ రావాలి. ఆ రోజు రాలేదు. కోతకొచ్చిన వరి మీద మంచు పరుపులా పరుచుకుంది. రైసుమిల్లుల నుంచి ఉడికిన వడ్ల వాసన వచ్చి కారు నిండింది. వారానికోసారి చెన్నూరుకు ఇదే ప్రయాణం. అక్కడ చిన్న క్లినిక్కులో డాక్టరమ్మ గర్భిణులను చూస్తుంది. దారిలో వెనక సీట్లో కళ్లు మూసుకుని పడుకుంటుంది. ఎప్పుడూ అంతే.

పోయిన వారం షోరూం వాళ్ల కారు నడిపి చూసినప్పుడు కుమార్ పక్కన కూర్చున్నాడు. తెర మీద నీలం గీత పాకుతూ పోయింది. లోపలి నుంచి ఒక ఆడగొంతు ఎక్కడ తిరగాలో మర్యాదగా చెప్పింది. చెప్పినట్టల్లా తిరిగాడు. బైపాస్ ఎక్కాక దారి సూటిగా సాగింది, గొంతు మూగబోయింది. అప్పుడు మక్బూల్‌కు ఎక్కడికి బయలుదేరాడో గుర్తు రాలేదు. కుమార్ ఏదో చెబుతూ నవ్వుతున్నాడు. అతనూ నవ్వాడు.

రామగుండం దగ్గర పొగగొట్టాల మొదళ్లు మంచులో కరిగిపోయి, పైభాగాలు మాత్రం ఆకాశంలో వేలాడుతున్నాయి. గోదావరి వంతెన మీద అటూ ఇటూ తెలుపు తప్ప ఏమీ లేదు. నది ఉన్నదో లేదో. కారు గాలిలో తేలుతున్నట్టు, తానెప్పుడో కన్న కలలోకి తిరిగి వెళ్తున్నట్టు ఉంది. ఆ హాయిలోనే వంతెన దాటాడు. ఇందారం దగ్గర దారి చీలింది.

ఎడమా? కుడా?

కాలు బ్రేకు మీదికి పోయింది. అద్దానికి అవతల బొగ్గు టిప్పరు ఒకటి ఏనుగులా కదిలిపోయింది. ఇన్నేళ్లుగా వచ్చిన చోటు అతని ముఖంలోకి కొత్తవాడిని చూసినట్టు చూసింది.

"కుడిపక్క తంగేడు ఎట్ల పూసిందో చూడు భాయ్," అంది వెనక నుంచి పద్మలత నిద్రమత్తు గొంతుతో.

చేతులు వాటంతటవే కుడికి తిప్పాయి. తిప్పాక, పూల కోసం చూశాడు. పంక్చరు కొట్టు ఉంది. బొగ్గు దుమ్ము పట్టిన ప్రహరీ గోడ ఉంది. తంగేడు చెట్టు ఒక్కటీ లేదు. తలెత్తి లోపలి అద్దంలోకి చూస్తే, డాక్టరమ్మ కళ్లు రోడ్డు పక్కన లేవు. అతని మీద ఉన్నాయి. చూపులు కలవగానే ఆమె గబుక్కున కళ్లు మూసుకుంది.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పెద్దపల్లిలో 'ఎడమపక్క గా మేడ కొత్తగ కట్టిండ్రా?' అన్న మాట. హుస్నాబాద్‌లో 'సక్కగ పోతె మిర్చి బజ్జీల బండి ఉండాలె కద' అన్న మాట. ఏళ్ల తరబడి బండిలో పెదవి విప్పని మనిషి ఎండాకాలం నుంచి ఇన్ని కబుర్లెందుకు చెప్పిందో అతనికి తెలిసింది.  చెన్నూరు దాకా లోపలి అద్దం వైపు మళ్లీ చూడకుండా నడిపాడు.

మధ్యాహ్నం క్లినిక్కు ముందు కారులో కూర్చుని ఉండగా నర్సు క్యాథరిన్ పరుగున వచ్చింది.

"మక్బూలన్నా, బండి తియ్యి. ఒక పిల్లకు బీపీ బాగ ఎక్కింది, తొమ్మిదో నెల. మంచిర్యాల దవాఖానకు పోవాలె. అంబులెన్సు ఇంక దూరం ఉన్నదట."

ఆ అమ్మాయిని వెనక పడుకోబెట్టారు. ఇరవై ఏళ్లుంటాయేమో, పాదాలు ఉబ్బిపోయి, మెట్టెలు వేళ్లలోకి దిగి ఉన్నాయి. ఆమె తలను క్యాథరిన్ ఒళ్లో పెట్టుకుంది. పద్మలత కూడా వెనకే ఎక్కబోయింది.

"అమ్మా," అన్నాడు మక్బూల్. స్టీరింగు మీద రెండు చేతులూ బిగిశాయి. "మీరు ముందట కూసోండ్రి."

ఆమె ఆగి చూసింది.

"ముందట కూసోని నాకు తొవ్వ చెప్పుండ్రి. నోరు ఇడిసి చెప్పుండ్రి."

పద్మలత వెనక తలుపు మూసింది. చుట్టూ తిరిగి వచ్చి అతని పక్కన కూర్చుంది. ఇన్నేళ్లలో ఆమె ఆ సీట్లో కూర్చోవడం అదే మొదలు.

"సక్కగ," అంది. "జైపూర్ దాక సక్కగనే."

మక్బూల్ నడిపాడు. గేరు మార్చే చేయి, గుంత ముందు నెమ్మదించే కాలు దేనినీ మరిచిపోలేదు. దారి మాత్రం ఆమె గొంతులోంచి వస్తోంది. ఆమె అన్నాకే అది కారు ముందు పుడుతున్నట్టు ఉంది. వెనక ఆ అమ్మాయి మూలుగుతోంది. "అవ్వా… అవ్వా…" అంటోంది. ప్రతి మూలుగుకూ అతని తలలోని దూది కొంచెం విడిపోతోంది.

"ఇందారం వచ్చింది. వంతెన దిక్కు తిరగకు. సక్కగ పో."

"సక్కగ," అన్నాడతను.

"గా పెట్రోల్ బంకు దాటినంక ఎడమకు."

"ఎడమకు."

దవాఖాన గేటులోకి కారు దూరగానే స్ట్రెచరు ఎదురొచ్చింది.

క్యాథరిన్ అక్కడే ఉండిపోయింది. తిరుగుదారిలో కూడా పద్మలత ముందే కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా దాచకుండా చెప్పింది. పెద్దపల్లి దాటాక ఫోను మోగింది. విని, "ఆడపిల్ల. ఇద్దరు మంచిగున్నరు," అంది.

"షుక్ర్," అన్నాడు మక్బూల్, ఈసారి పైకే.

ఇల్లు చేరేసరికి సాయంకాలపు ఎండ గోడల మీద పసుపు రాసినట్టు ఉంది. ఇంజను ఆపి, దిగకుండా కూర్చున్నాడు.

"గాడ తంగేడు లేదమ్మా."

"లేదు," అంది పద్మలత.

"ఎప్పటిసంది ఎరుక మీకు?"

"ఎండాకాలం. హుస్నాబాద్‌ల." ఆమె తన చేతులకేసి చూసుకుంది. "ఎట్ల చెప్పాల్నో తెల్వలే భాయ్. డాక్టర్నే, కానీ నీకు చెప్పబుద్ధి కాలే. గా నావిగేషన్ నీ కోసమే పెట్టిద్దామనుకున్న. అది చెప్తుంటె నువ్వు తోలుతవు. పైసలు పోతె పోనీ."

మక్బూల్ తల ఊపాడు. చాలాసేపు ఊపాడు.

"పెట్టించుండ్రి. మంచిదే అది, తప్పు చెప్పదు. గానీ నా కోసం వద్దు, రేపు తోలెటోని కోసం పెట్టించుండ్రి. ఎటు తిరగాల్నో చెప్తది గని, ఎందుకు పోతున్ననో నాకు యాది చెయ్యదు కదమ్మా. మొన్న కుమార్ పక్కన ఉండంగనే మరిచిపోయిన. ఇయ్యాల ఆ పిల్ల మూల్గుతుండె కాబట్టి దిమాగ్ నిలబడ్డది. రోజూ ఎవరు మూల్గుతరు?"

"హైదరాబాద్ పోదాం. మంచి డాక్టరుకు చూపిస్త. మందులున్నయి."

"వస్త." అతను నవ్వాడు. "వెనక సీట్ల కూసోని వస్త. కండ్లు మూసుకొని."

ఆమె నవ్వబోయి నవ్వలేకపోయింది. అతను తాళంచెవి ఆమె అరచేతిలో పెట్టి, వేళ్లు తానే మూశాడు. అన్నేళ్లలో ఆమె చేయి తాకడం కూడా అదే మొదలు.

"ఇంటిదాక ఎవరినన్న తోడు పంపనా?"

"ఫికర్ చెయ్యకుండ్రి. వజీరున్నీసా గల్లీ మొదట్ల నిలబడి ఉంటది. ఎండాకాలం సంది రోజూ నిలబడ్తుంది."

గేటు దాటి, కశ్మీర్‌గడ్డ వైపు నడిచాడు. చేతులు ఊపుకుంటూ, బరువేమీ లేని మనిషిలా. వీధి చివర ఒక్కసారి ఆగాడు. పద్మలత ఊపిరి బిగబట్టింది. పిలవాలా వద్దా అని ఆమె ఆలోచిస్తుండగానే, ఎవరో చెప్పినట్టు అతను ఎడమకు తిరిగి ఎండలో కలిసిపోయాడు.

ఆమె కుమార్‌కు ఫోన్ చేసింది. నావిగేషన్ ఉన్న బండే పంపమంది. అతను సంతోషంగా ఇంకేవో చెబుతుంటే వినకుండా పెట్టేసింది.

చేతిసంచి కోసం కారు తలుపు తీస్తే తియ్యటి వాసన గుప్పుమంది. డ్రైవరు సీటు కింద మోదుగాకుల పొట్లం ఉంది. చెన్నూరులో వజీరున్నీసా కోసం ఎప్పుడు కొన్నాడో, తీసుకుపోవడం మరిచాడు. ఆకులు విప్పితే రెండు సీతాఫలాలు. ఒకటి ఇంకా గట్టిగానే ఉంది. రెండోది కారు వెచ్చదనానికి మగ్గి, కళ్లు విచ్చుకుని, సందుల్లోంచి తెల్లగా చూస్తోంది.