కిటికీ ఉన్న గది

పాఠ్యపుస్తకంలో సూటుబూటు వేసుకుని హోటల్లో గది అడుగుతున్న పెద్దమనిషి మొహానికి కత్తెరమ్మ జిగురు పూసి, ఇస్త్రీపెట్టె పట్టుకున్న ఆడమనిషి బొమ్మ అంటించింది. అతని మాటల మీద తను రాసిన చీటీ అంటించి, బొటనవేలితో నొక్కింది. పొట్టకూటికి ఈ ఊరొచ్చినవాళ్లకు ఆమె సాయంత్రాలు ఇక్కడి భాష నేర్పుతుంది. సంచిలో కత్తెర లేనిదే గడప దాటదు కాబట్టి క్లాసువాళ్లు ఆ పేరు పెట్టారు.

"నీకెందుకక్కా ఈ గొడవ? పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పేసి ఇంటికి రారాదూ," అంది చెల్లెలు వంటింట్లోంచి.

"వాళ్లు హోటల్లో దిగుతారుటే? హోటల్ దుప్పట్లు ఉతుకుతారు."

ఆ పుస్తకం రాసిన మహానుభావులు ఏ చల్లటి గదిలో కూర్చుని రాశారో గానీ, మొదట్లో ఆమె కూడా దాన్ని తు.చ. తప్పకుండా చెప్పింది. ఒకరోజు ఆమె క్లాసుకొచ్చేవాళ్లలో లాండ్రీలో పనిచేసే మనిషి ఆవిరికి చెయ్యి కాలి ఆసుపత్రికి పరిగెత్తింది. ఏమైందని డాక్టరు అడిగితే, తనకొచ్చిన ఒకే ఒక్క వాక్యం చెప్పింది. "నాకు కిటికీ ఉన్న గది కావాలి." అక్కడున్నవాళ్లు పడీపడీ నవ్వారట. తలచుకుంటే కత్తెరమ్మకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బొమ్మ అంటించిన రోజు సాయంత్రం క్లాసులో, మచ్చపడిన ఆ చేత్తోనే లాండ్రీ ఆమె బోర్డు మీద కొత్త పాఠం రాసింది. "గ్లవుజులు ఇవ్వకపోతే ఈ పని చెయ్యను." అంతలో క్లాసుల పర్యవేక్షకుడు తలుపు తోసుకుని వచ్చాడు. బల్ల మీది పుస్తకం తిరగేసి, మొహం చిట్లించాడు.

"ఎన్నిసార్లు చెప్పాలి మేడమ్? అచ్చులో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. లేదంటే రేపట్నుంచి రావద్దు. ముందు ఆ బోర్డు తుడవండి."

ఉద్యోగం పోతే ఇల్లెలా గడుస్తుందో కత్తెరమ్మకు తెలియదు. కానీ ఆ వాక్యం తుడవడానికి చెయ్యి రాలేదు.

"రానులెండి. తుడవడం మాత్రం నా వల్ల కాదు. కావాలంటే మీరే తుడుచుకోండి."

కత్తెరమ్మ లాండ్రీ ఆమె భుజం తట్టి, "బాగా రాశావమ్మా," అని, సంచి తగిలించుకుని మెట్లు దిగిపోయింది.

పర్యవేక్షకుడు డస్టర్ అందుకున్నాడు. లాండ్రీ ఆమె బోర్డుకు అడ్డంగా నిలబడింది.

"ఆగండి సార్. మేమింకా రాసుకోలేదు," అంది, ఈ ఊరి భాషలోనే.

ఆ వాక్యం ఏ పుస్తకంలోనూ లేదు, ఏ చీటీ మీదా లేదు. బెంచీల్లో ఎవరూ తలెత్తలేదు, రాసుకుంటూనే ఉన్నారు. అతను చేతిలోది పడేసి వెళ్లిపోయాడు. డస్టర్ బల్ల అంచున బోర్లా పడి ఉంది.